ఈల మోగితే వెనక్కి

మంట పన్నెండో అంతస్తులో. లిఫ్టు ఎక్కకూడదు. గాలి సిలిండరు వీపున, నీళ్ల గొట్టం భుజాన వేసుకుని మెట్లెక్కేసరికే నిచ్చెనకు ప్రాణం తోకకొచ్చింది. మనిషి పొడుగని ఫైర్ స్టేషనులో అందరూ పెట్టిన పేరది.

మంటకు రెండంతస్తుల కింద, మెట్ల మీద బిళ్లల బాబాయి చతికిలబడి ఉన్నాడు. ఈమధ్యే ఈ స్టేషనుకు బదిలీ మీద వచ్చినవాడు. పైకి వెళ్లే ప్రతివాడూ తన పేరున్న బిళ్ల ఆయన చేతికిచ్చి వెళ్లాలి. ఎవరి సిలిండరులో ఎంత గాలి ఉందో బోర్డు మీద రాసుకుని, వేళకు వెనక్కి పిలవడమే ఆయన పని.

"కూర్చుని చేసే ఉద్యోగం. పెట్టి పుట్టావు బాబాయ్," అన్నాడు నిచ్చెన, బిళ్ల ఇస్తూ.

"మాటలతో గాలి ఖర్చు చెయ్యకు. ఒకావిడ లోపల చిక్కుకుపోయింది. ఎడమ గోడ వదలొద్దు. గుమ్మం ఎత్తుగా ఉంటుంది, తట్టుకుని పడతావు. వంటింటివైపు పోకు. ఆవిడ లోపలి గదిలో ఉంటుంది."

"ప్లాను బాగానే బట్టీ పట్టావే!" అని నవ్వి, జతగాడితో కలిసి పైకి వెళ్లాడు నిచ్చెన.

లోపల కళ్లు పొడుచుకున్నా ఏమీ కనబడలేదు. ఇద్దరూ గోడ తడుముకుంటూ మోకాళ్ల మీద పాకారు. తీరా లోపలి గది తలుపు చేతికి తగిలేసరికి జతగాడి సిలిండరు ఈల వేసింది. గాలి అయిపోవస్తోందన్నమాట.

వాకీటాకీ గరగరమంది. "ఇద్దరూ వెనక్కి రండి."

"బాబాయ్, ఆవిడ దగ్గు వినిపిస్తోంది! తలుపు బిగుసుకుపోయింది. ఒక్క నిమిషం!"

వాకీటాకీ మళ్లీ గరగరమంది.

"జతగా వెళ్లారు, జతగా రండి. గొట్టం అక్కడే వదిలెయ్యి. రెండో జత దాన్ని పట్టుకునే వస్తుంది."

నిచ్చెన తిట్టుకుంటూనే దిగొచ్చాడు. మాస్కు పీకి మెట్టు మీద విసిరాడు.

"నువ్వసలు మనిషివేనా? ఆ దగ్గు నీ చెవిన పడి ఉంటే తెలిసేది!"

"నీళ్లు తాగు," అన్నాడు బాబాయి తలెత్తకుండా. బిళ్ల తిరిగిస్తూ ముందు జతగాడిది ఇచ్చి, మళ్లీ మార్చాడు. వయసు మీదపడింది పాపం, అనుకున్నాడు నిచ్చెన. అయినా పక్కన కూర్చోవడానికి మనసొప్పలేదు. గోడకు జారగిలబడ్డాడు. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది.

పైనుంచి ఎంతకీ కబురు లేదు. బాబాయి వాకీటాకీని చెవికి అదిమిపెట్టుకుని, బోర్డు మీద రాసిన అంకెనే మళ్లీ మళ్లీ దిద్దుతున్నాడు.

చివరికి రెండో జత ఆవిడను చెరో రెక్కా పట్టుకుని దింపుకొచ్చింది. ముఖమంతా మసి. దగ్గి దగ్గి, బోర్డు దగ్గర ఆగి, బాబాయి వంక చూసింది.

"పొద్దున క్యారియరు మరిచిపోయి వెళ్లారు, మన ఇంటితో పాటు అదీ కాలిపోయిందండీ," అంది.