రెండో దీపం

“ఏయ్ మైకమ్మా! మా మనిషి నోరు తెరిస్తే చాలు, మైకు ఎందుకు చస్తోంది? అమ్ముడుపోయావా?”

యూనియన్ లీడర్ కేకకు విచారణ హాలంతా వెనక్కి తిరిగింది. మూలన మైకులన్నీ కలిపే మిక్సర్ ముందు కూర్చున్న మైకమ్మకు ఒళ్లు భగ్గుమంది.

“నేనేం కట్ చెయ్యట్లేదన్నా. ఇది దానంతటదే పనిచేసే మిక్సర్. ఎవరు మాట్లాడితే వాళ్ల మైకు పెంచుతుంది, మిగతావి తగ్గిస్తుంది. రెండు మైకుల్లో ఒకేసారి చప్పుడైతే చెరిసగం పంచేస్తుంది.”

“తప్పు మిషన్ మీదకి తొయ్యకు! మిషన్ వల్లే కదా ఆమెకి వేళ్లు పోయింది!”

లీడర్ పక్కన కూర్చున్న ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కుంది. రేకులు కత్తిరించే మిషన్‌లో మూడు వేళ్లు పోయాయి. తనే అజాగ్రత్తగా చెయ్యి పెట్టిందని కంపెనీ వాదన. చేతికి అడ్డుగా ఉండే ఇనప జాలీని ఎవరు తీయించారో ఆమె ఇవాళే చెప్పాలి. ఆ మాట రికార్డులో పడాలి. పడకపోతే చెప్పనట్టే.

“మళ్లీ చెప్పమ్మా, కాస్త గట్టిగా,” అన్నాడు విచారణాధికారి విసుగ్గా.

“అయ్యా, పని తొందరగా తెమలాలని ఆ జాలీ పీకెయ్యమన్నది...”

అంతే. గొంతు నూతిలో పడ్డట్టయింది. మైకమ్మ హెడ్‌ఫోన్‌లో ఆ పేరు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

“చూశారా! చూశారా అన్యాయం!” లీడర్ తన మైకు ముందు నుంచి లేచి అరిచి, మళ్లీ కాగితాల దొంతర వెనక కూర్చున్నాడు.

మైకమ్మ పళ్లు కొరికింది. ఎదురు వరసలో మేనేజర్ కాళ్లూపుతూ పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తున్నాడు. ఓహో, నీ పనేనా! అతని మైకు మూసేసింది. చేతికి కట్టున్నామె మళ్లీ మొదలుపెట్టింది. గొంతు మళ్లీ మునిగింది. మేనేజర్ పక్కన వకీలు అదేపనిగా దగ్గుతున్నాడు. అతని మైకూ మూసేసింది. అయినా అంతే.

“ఇక చాలు. ఈమె చెప్పిందేదీ స్పష్టంగా లేదని రాసుకుంటాను.” అధికారి ఫైలు దగ్గరికి లాక్కున్నాడు.

“ఆగండి సార్! ఒక్క నిమిషం!” మైకమ్మ అరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. “అక్కా, నువ్వు చెప్పు. ఆపకుండా చెప్పు.”

ఈసారి మనుషుల వంక చూడలేదు. మిక్సర్ మీద మైకుకొకటి చొప్పున ఉన్న చిన్న చిన్న దీపాల వంక చూసింది. అక్క నోరు తెరవగానే ఆమె దీపం వెలిగింది. ఆ వెంటనే ఇంకోటి. అక్క ఊపిరి పీల్చుకోడానికి ఆగితే అదీ ఆరింది. మొదలుపెడితే అదీ వెలిగింది. పెదవి కదపకుండానే ఎవరో ఆమె గొంతులో సగం లాగేసుకుంటున్నారు.

మైకమ్మ తలెత్తి, ఆ మైకు ఎవరి ముందుందో చూసింది. ముఖం జేవురించింది. ఆ మీట కిందికి నొక్కిపారేసింది.

“...మేనేజర్ గారే తీయించారయ్యా! మా షిఫ్టు మొత్తం వింది!”

గొంతు హాలంతా ఖంగుమంది. మేనేజర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. అధికారి రాసుకుంటున్నాడు.

మైకమ్మ తన మైకు అందుకుంది.

“లీడరన్నా, అమ్ముడుపోయిందెవరో తేలింది. అక్క నోరు తెరిచినప్పుడల్లా కాగితాల చాటున ఆ వేలితో బల్ల మీద టకటకలాడించింది చాలు. ఇప్పుడు మూసింది నీ మైకే.”