రాజుకోని పొయ్యి

డిసెంబరు మొదట్లో జోతమ్ టేబర్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో ఒక తాళ్ల కొట్టు, పత్రికలో అచ్చయిన ఒక కథ. లేనిది భార్య. కెజియా పుట్టింటికి వెళ్లిపోయింది. కథ ఇచ్చి ఆమెను తెచ్చుకోవాలి. బేరం అదీ.

కానీ కొట్టుకొచ్చిన ప్రతివాడూ ఆ కథ తన కోసమే రాశాడనుకుంటున్నాడు.

"ఏమయ్యా జోతమ్, భలే దెబ్బ కొట్టావ్!" కెప్టెన్ హాత్‌వే పత్రికను బల్ల మీద చరిచాడు. "రాజుకోని పొయ్యి అంటే మన దేశమేగా? ఉత్తరంవాళ్లు కట్టెలేస్తారు, దక్షిణంవాళ్లు నీళ్లు పోస్తారు."

"దేశం కాదు కెప్టెన్."

"నా దగ్గరా దాపరికం? తిమింగలం చిమ్మే నీళ్లు చూసి అదేం జాతో చెప్పేవాణ్ణి. ఇది తెలీదా!"

మధ్యాహ్నం పాస్టరు లూమిస్ వచ్చాడు. పొయ్యి అంటే ఊళ్లో చల్లారిన భక్తి అని తేల్చాడు. ఆదివారం ప్రసంగం దాని మీదేనట.

"అయ్యా, అది భక్తి కాదండీ..."

"వినయం మంచిదే నాయనా." భుజం తట్టి, ఓ పురికొస ఉండ తీసుకుని పోయాడు.

జోతమ్ పళ్లు నూరాడు. ఈ ఊళ్లో తాడు కొనేవాడు పదిసార్లు లాగి చూస్తాడు. కథ దగ్గర మాత్రం లాగి చూసేవాడే లేడు, ఎవడి ముడి వాడు వేసుకుపోవడమే.

ఆ పొయ్యి అతని గుండె. అంతే.

కెజియా క్వేకర్లనే నిష్ఠగల క్రైస్తవ శాఖవారి ఇంటి ఆడపిల్ల. వాళ్లు ఒట్టు పెట్టరు, అన్నమాట రెండోసారి అనరు. రెండుసార్లు చెబితే మొదటిది అబద్ధమైనట్టేనంటారు. వెళ్లేరోజునా ఆమె నోరు విప్పలేదు. టోపీ కట్టుకుని, వంటింటి పొయ్యి వైపు వేలు చూపించి, మొగుడి మొహంలోకి ఒక్క చూపు చూసి బండెక్కింది.

కథకుడికి ఆ సైగ చాలదూ? పొద్దస్తమానం కాగితాల్లో మునిగే మగాడి గుండెలో నిప్పు రాజుకోదు, పొగే మిగులుతుంది. ఆ పొయ్యి పక్కనే కూర్చుని, కళ్లనీళ్లు కారుతుంటే, దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే రాశాడు. అచ్చుకాగానే ఆమెకు పంపాడు. జవాబు లేదు. అక్కర్లేనివాళ్లంతా అర్థాలు చెబుతున్నారు, కావలసిన మనిషి చదివిందో లేదో!

శనివారం కొట్టు వెనకున్న ఇంటి తలుపు తెరుచుకుంది. కెజియా. చంకలో పత్రిక, వెనకాల భుజాన మూటతో ఓ ముసలాయన.

జోతమ్ కుర్చీలోంచి లేచాడు. "చదివావా?"

"చదివాను. ఉన్నదున్నట్టు రాశావు. నీకు తెలిసొచ్చిందిగా, అందుకే వచ్చాను."

"ఊరు ఊరంతా తప్పర్థం తీసింది కెజియా! నువ్వొక్కదానివే పట్టుకున్నావు. ఇన్నాళ్లూ నా గుండె..."

"గుండేమిటి?" అంది కెజియా. ముసలాయన పొయ్యి దగ్గర చతికిలబడి మూట విప్పి పనిముట్లు తీస్తున్నాడు.

ఆ కథ మీద జోతమ్‌కు భార్య దక్కింది. పైన కొసరుగా, ఆమె జన్మలో రెండోసారి చెప్పిన ఒకే ఒక్క మాట దక్కింది.

"పొయ్యి గొట్టం పగిలిందని అక్టోబరులోనే చెప్పాను."