ఎడమ చెయ్యి గోడ మీద

సూది చూడగానే ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

“కదలకండి తాతా. ఇది గొంతు కండరంలోకి దిగుతుంది. నేను చెప్పినప్పుడు ‘ఈ’ అనండి. తెరమీద గీతలు సరిగ్గా లేస్తే కండరంలో ప్రాణం ఉన్నట్టే,” అంది మక్పాల్.

బొగ్గుగనుల ఊరు కరగండలోని ఆసుపత్రిలో మాట పోయినవాళ్లకు ఈ పరీక్ష చెయ్యడం ఆమె పని. పొద్దుటి నుంచి ఈయన పన్నెండోవాడు. ఆమె ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఆ ముసలాయన సేయిల్‌ఖాన్‌కు ఎన్నో ఏళ్లుగా గొంతు లేదు, గాలే మిగిలింది. ఆ గాలితోనే చెప్పాడు.

“శుక్రవారం మా మునిమనవడికి పేరు పెడుతున్నామమ్మా. అందరికీ వినపడేలా పిల్లాడి చెవిలో మూడుసార్లు పిలవాలి. ఇంటికి పెద్దని నేనే. ఆ మూడుసార్లు పలికితే చాలు, ఇంకేం అడగను.”

“ముందు గీతలు లేవనివ్వండి. లేస్తే డాక్టరుగారు రేపే గొంతు పలికే ఇంజెక్షన్ ఇస్తారు.”

సూది దిగింది. ముసలాయన ఎడమ చెయ్యి తడుముకుంటూ వెళ్లి మంచం పక్క గోడను పట్టుకుంది. పెదవులు కదిలాయి.

“ఎడమ చెయ్యి గోడ మీదే ఉంచు... కూర్చోకు... నడువు...”

తెర నిండా గీతలు చిందరవందరగా లేచాయి.

“తాతా! ‘ఈ’ అనమంటే ఈ పురాణమేంటి?”

“భయమేస్తే అదే వస్తుందమ్మా.”

మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అవే మాటలు. మూడోసారీ అంతే.

మక్పాల్ విసుగ్గా వైర్లు పీకేసింది.

“మీతో నావల్ల కాదు. వచ్చే మంగళవారం రండి.”

“శుక్రవారమే కదమ్మా...”

“ఆ పేరేదో ఇంకొకళ్లు పిలుస్తార్లెండి. పసివాడికేం తెలుస్తుంది?”

ముసలాయన లేచాడు. టోపీ పెట్టుకుని, గోడ పట్టుకుని మెల్లగా వెళ్లిపోయాడు.

మంగళవారం ఆయన రాలేదు. కాగితాల కోసం మనవరాలు వచ్చింది.

“తాత ఆదివారం పోయాడు. శుక్రవారం పిల్లాడి చెవి దగ్గర వంగి చాలాసేపు తంటాలు పడ్డాడు. గాలే తప్ప గొంతు రాలేదు. చివరికి పక్కింటాయన పిలిచాడు. తాత తలెత్తలేదు.”

మక్పాల్‌కు మనసు చివుక్కుమంది. సాయంత్రం నాన్నకు టీ పోస్తూ ఉండబట్టలేక చెప్పేసింది.

“సూదికి భయపడి ఏదో గొణిగాడు నాన్నా. ‘ఎడమ చెయ్యి గోడ మీదే ఉంచు, కూర్చోకు, నడువు’ అని. నేనే కసిరి పంపేశాను.”

నాన్న ఒరాజ్‌బెక్ టీ గిన్నె కింద పెట్టాడు. ఇరవై ఏళ్లు బొగ్గుగనిలో చేసినా, ఇంట్లో గని మాట ఎత్తని మనిషి ఆయన.

“గనిలో మంటలు లేచిన రోజు పొగలో పద్నాలుగుమందిమి చిక్కుకున్నాం. కళ్లు కనపడవు. కింద మైకు దగ్గరున్నవాడెవడో పారిపోకుండా నాలుగు గంటలు ఆ మాటలే అరిచాడు. గొంతు చిరిగిపోయినా ఆపలేదు. ఆ మాటలు పట్టుకునే బయటపడ్డాం. మొహం చూడలేదమ్మా. ఆ పొగలోనే పోయాడనుకున్నాం.”

మక్పాల్ కెటిల్ పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

“ఎప్పుడు నాన్నా?” అంది.

“నువ్వు పుట్టడానికి ఏడాది ముందు.”