పడటమే వృత్తి

మొహంలో నొప్పి చూసి పెనాల్టీ ఇచ్చే యంత్రాలు ఫుట్‌బాల్ రెఫరీలయ్యాక, గోలు కోసం పరుగెత్తే వెధవే లేడు. మా ఆయన జెకర్యా రోజూ హాల్లో పరుపేసుకుని పడటం, కెవ్వుమనడం ప్రాక్టీసు చేస్తాడు. అలా పడుతూనే టీముకి కప్పులు తెచ్చాడు, మహానుభావుడు.

నిన్న ఫైనల్లో నిజంగానే ఎడమకాలు విరిగింది. నొప్పికి నోరు పెగల్లేదు, మొహం కొయ్యబారింది. "నొప్పి లేదు, ఆడండి" అంది రెఫరీ. ఓడిపోయారు.

నా భుజం పట్టుకుని కుంటుతూ వస్తే, ఆసుపత్రి గుమ్మంలోనూ అదే యంత్రం. "నొప్పి లేదు, బయట కూర్చోండి" అంది.

ఆయన దీనంగా చూశాడు.

"నన్ను చూస్తారేం? రోజూ పరుపు మీద పడ్డట్టే పడి అరవండి. మీకొచ్చిన విద్య అదొక్కటేగా!" అన్నాను.

పడ్డాడు. అలవాటుగా కుడికాలు పట్టుకుని కెవ్వుమన్నాడు.

తలుపులు వెంటనే తెరుచుకున్నాయి.