గువ్వగారి ఉచిత సేవ

"మన సాఫ్ట్‌వేర్ కోడంతా బయట పెట్టేస్తున్నాం. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఓపెన్ సోర్స్. జీతాలడిగేవాళ్ళతో ఇక పనిలేదు," అన్నాడు యజమాని, బిస్కెట్టు టీలో ముంచుతూ.

"తెరవమని మూడేళ్ళుగా అడుగుతున్నది నేనే కదండీ. కానీ తెరిచి వదిలేస్తే కాదు. వచ్చిన మార్పులు మంచివో కావో చూసే మనిషి లోపల ఉండాలి," అంది టీచరమ్మ.

ప్రతిదీ విడమరిచి చెబుతుందని ఆఫీసులో ఆమెకు ఆ పేరు పెట్టారు. ఆస్పత్రుల్లో రోగులకు టోకెన్లిచ్చే ఆ సాఫ్ట్‌వేర్‌ను తొమ్మిదేళ్ళ కిందట మొదలుపెట్టింది ఆమే.

"మొదలైంది పాఠం," అన్నాడు యజమాని బావమరిది. ఆయన మేనేజరు. ఏం మేనేజ్ చేస్తాడో ఆయనకూ తెలీదు.

"చూడ్డానికి గువ్వగారున్నారుగా," అన్నాడు యజమాని.

ఆరునెలల కిందట, ప్రయోగంగా, కోడ్‌లో ఒక ముక్క బయటపెట్టారు. అప్పటినుంచీ 'గువ్వ' అనే మారుపేరుతో ఎవరో పైసా అడక్కుండా తప్పులు దిద్ది పంపుతున్నారు.

"టోకెను తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాటితే బోర్డు ఆగిపోతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. మహానుభావుడు."

"అది రెండేళ్ళ కిందటే మీకు రాసిచ్చానండీ."

"నువ్వు రాయడం వేరు, ఆయన రాయడం వేరు. లోకం చూసిన మనిషి. ఆదివారాలు కూడా పనిచేస్తారు. నువ్వు ఆదివారం ఫోనన్నా ఎత్తవు."

ఆమె ఒళ్ళోని సంచి సర్దుకుంది.

"మా ఇల్లు ఈ ఉద్యోగం మీదే నడుస్తోందండీ."

"ఇదేం సత్రమా? ఇవాళే ఆఖరు."

"రేపు గువ్వగారు కూడా మానేస్తే? ఆస్పత్రుల్లో జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు."

"ఆయన నీలాంటి మనిషి కాదు."

"ఆయన్ని అడిగారా?"

"ఇదిగో, నీ ముందే అడుగుతున్నాం. రాయరా." బావమరిది ల్యాప్‌టాప్ తెరిచాడు. యజమాని గొంతు సవరించుకున్నాడు. "పూజ్యులైన గువ్వగారికి. పనికిమాలినవాళ్ళను వదిలించుకున్నాం. ఇకమీదట అంతా మీ చేతుల్లోనే. పంపు."

టీచరమ్మ మెడలోంచి గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టి, సంచి భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్ళేసరికి సంచిలో ఫోను మోగింది.

"ఆఫీసులో ఫోను నోరు మూయించమని తొమ్మిదేళ్ళుగా చెబుతున్నా. వెళ్ళేరోజుక్కూడా బుద్ధి రాలేదు," అన్నాడు యజమాని.

"తప్పయిపోయిందండీ," అందామె. ఫోను మాత్రం బయటికి తీయలేదు.

"ఏరా, చేరిందా?"

"తెలీడం లేదు బావా. నెట్టు నీరసంగా ఉంది."

"మళ్ళీ పంపు. అంతటి మనిషిని కాచుకోబెట్టకూడదు."

బావమరిది మళ్ళీ నొక్కాడు.

ఆమె సంచిలో ఫోను మళ్ళీ మోగింది.