తువ్వాలు కింద బేరం

పసుపు యార్డులో వ్యాపారం మొదలెట్టినప్పుడు గురవయ్య శెట్టికి ఉన్న పెట్టుబడల్లా నలుగురిలో మాట, రెండు చేతులు. ఇప్పుడు అరచేతి గీతలు చదివి మనిషిని గుర్తుపట్టే గాజుపలకకు చెయ్యి ఆనిస్తేనే ఏ బేరమైనా ఖాయం. క్యాన్సర్ మాత్రలకు అతని అరచేతులు ఎర్రగా కంది, పొరలు ఊడి, గీతలు చెరిగిపోయాయి. పలక అతణ్ణి ఎరగనంది. అందరూ చూస్తున్నారు.

"పలక చెడింది," అంటూ చేతులు తువ్వాలు కింద దాచుకున్నాడు.

"నిరుడు నేనూ ఆ మాత్రలే మింగాను శెట్టిగారూ," అంది పసుపు తెచ్చిన రైతు నాంచారమ్మ. "పలక నన్ను ఎరగనంటే, దొంగముండని గెంటించింది మీరే."

ఆమె తువ్వాలు కిందకి చెయ్యి పోనిచ్చి, పాతకాలపు బేరగాళ్లలా వేళ్లు నొక్కి ధర చెప్పింది. పుండు ఎక్కడుంటుందో తెలిసినట్టు, మెత్తగా నొక్కింది.

"సరుకు తీసుకెళ్లండి. చెయ్యి మానాక పలక సంగతి చూద్దాం," అంది.

ఆ ఏడు గురవయ్యకు మిగిలిన లాభం, తను ఆమెకు ఇవ్వని నమ్మకమే.