గుట్ట పాటలు

"పాటలు బావున్నాయి బాబూ. భాషే బాలేదు," అన్నారు క్యాసెట్ల కంపెనీ యజమాని సూర్యప్రకాశరావు.

ఫిల్మ్‌నగర్‌లోని ఆయన స్టూడియోలో గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బాలనర్సయ్య తీగల మీంచి చెయ్యి తీసేశాడు. రహమత్ నగర్ కుర్రాళ్ళు నలుగురు కలిసి కట్టుకున్న బ్యాండ్ వాళ్ళది. మొదటి క్యాసెట్‌లో సినిమా భాషలో ప్రేమగీతాలు పాడి బోర్లా పడ్డారు. ఈ రెండోదాంట్లో మాత్రం తమ గుట్టల గురించి, ఆ గుట్టల మీద రాళ్ళు కొట్టి జూబ్లీ హిల్స్ మేడలకు పునాదులేసిన తమ తండ్రుల గురించి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే పాడారు.

"మా బస్తీల గిట్లనే మాట్లాడుతరు సార్."

"కాదనను. విజయవాడలో ఎవరు కొంటారయ్యా? అనసూయమ్మగారిని రమ్మన్నాను. ఆవిడ సరేనంటే ఉన్నదున్నట్టు వేస్తాను. కాదంటే మాటలు మార్పించి వేరేవాళ్ళచేత పాడిస్తాను. ఏమనుకోకు."

ఆ పేరు వినగానే డ్రమ్స్ ముందున్న జంగయ్య చేతిలో కర్రలు కింద పెట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా హీరోయిన్లకు తెలుగు పలకడం నేర్పుతున్న మనిషి ఆవిడ. 'ళ' సరిగ్గా పలకలేదని పేరున్న తారల్నే ఏడిపించిందని ఫిల్మ్‌నగర్ అంతా చెప్పుకుంటుంది.

"అయిపాయె మన కథ," అన్నాడు జంగయ్య.

కాసేపట్లో ఆవిడ రానే వచ్చింది. జరీ అంచు చీర, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, చేతిలో ఎర్ర పెన్సిలు. పాటల కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

"పాడండి నాయనా. మధ్యలో ఆపొద్దు. ఒక్క అక్షరం మింగినా నాకు తెలిసిపోతుందండోయ్," అంది అచ్చం సినిమాలో జమీందారిణిలా.

"అన్నా, జర వాళ్ళ లెక్క మార్చి పాడరాదే," అని చెవిలో గొణిగాడు జంగయ్య.

"మారిస్తే మా అయ్య పాట మా అయ్యకే సమజ్ కాదు. కొట్టు నువ్వు," అన్నాడు బాలనర్సయ్య.

ఎనిమిది పాటలూ గుక్క తిప్పుకోకుండా పాడారు. బాలనర్సయ్య కళ్ళు మాత్రం ఆ పెన్సిలు మీదే ఉన్నాయి. మూడో పాటలో అది కాగితం మీద గట్టిగా ఓ గీత గీసింది. అతని ప్రాణం ఉసూరుమంది. అయినా గొంతు తగ్గించలేదు.

పాటలయ్యాక ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది.

"తప్పుంది," అంది అనసూయమ్మ.

"చెప్పాను కదయ్యా," అన్నారు సూర్యప్రకాశరావు జాలిగా. "ఎవరిచేత పాడిద్దామంటారండీ?"

ఆవిడ ఆయన వైపు చూడనైనా చూడలేదు. గీత గీసిన కాగితం బాలనర్సయ్య చేతిలో పెట్టింది.

"అమాస నాడు మీ అయ్య సుత్తె పట్టిండని రాసినవేందిరా కొడుకా? గదొక్కటి దిద్దు, కడమదంత గట్లనే ఉండనియ్యి. గీ గుట్టల మీదనే నలభై ఏండ్లు రాళ్ళు గొట్టిండు మా అయ్య, ఒక్క అమాసకు గూడ సుత్తె ముట్టలే."